గీత వెనకే నిలబడిన పిల్ల

సగం రోడ్డు మీద ఆరబోసిన కొత్త ధాన్యం వాసన పొద్దున్నే పచ్చిగా, మంచుకు తడిసిన గడ్డిలా ఉంటుంది. ఎండెక్కేసరికి తారు వేడితో కలిసి గొంతులో గుచ్చుకుంటుంది. మనవరాలి చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్తుంటే కోతల కాలంలో రోజూ ఆ వాసన తగులుతుంది. పంట చేతికొచ్చిందని ఊరంతా సంబరపడే వాసన అది. నాకు మాత్రం అది తగిలినప్పుడల్లా ఒంట్లో కోపం లేస్తుంది. యాభై ఏళ్ళు కావస్తున్నా ఆ కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

మా ఊరు ముక్తేశ్వరం రేవు నుంచి అమలాపురం పోయే దారిలో ఉంది. రోడ్డుకి ఒక పక్క పంటకాలువ, ఇంకో పక్క కొబ్బరితోటలు. అప్పట్లో తారు సన్నగా ఉండేది, దానికి రెండువైపులా ఎడ్లబండి పట్టేంత ఇసుక మార్జిను. మా చిన్నతనమంతా ఆ ఇసుకలోనే గడిచింది. వినాయకచవితి మర్నాడు మిగిలిపోయిన పొట్టిక్కలను, పనసాకు బుట్టల్లో ఉడికిన ఆ ఇడ్లీలను, బుట్టతో సహా గౌను మడతలో దాచుకుని తింటూ నడిచేవాళ్ళం. చలికాలం తేగలు నములుతూ, పీచును ఒకళ్ళ మీద ఒకళ్ళు విసురుకుంటూ వెళ్ళేవాళ్ళం. వానలు పడి కాలువ ఎర్రగా పొంగినప్పుడు చెప్పులు చేత పట్టుకుని బురదలో కావాలని కాలు జారేవాళ్ళం. బస్సు రోజుకి నాలుగుసార్లు వచ్చేది. మా బడి దగ్గరికి రాగానే డ్రైవరు నెమ్మదించి, కిటికీలోంచి తల బయటపెట్టి, పేరుపేరునా మమ్మల్ని పక్కకి జరగమనేవాడు.

నేను మూడో తరగతికి వచ్చేసరికి కొబ్బరికాయల లారీలు, ఇసుక ట్రాక్టర్లు ఎక్కువయ్యాయి. అప్పుడే సుగుణమ్మ టీచరుగారు మా బడికి వచ్చారు. ఆవిడ మా ఊరి పేటలో పుట్టిన మనిషే. తండ్రి మా ఊరి పెద్దరైతుల పొలాల్లో కూలి చేసి ఆవిణ్ణి చదివించాడు. ఇస్త్రీ చేసిన నేతచీర, నల్ల గొడుగు, ఆదివారం చర్చిలో పాటలు పాడి పాడి కొంచెం బొంగురుపోయిన గొంతు. శనివారం చివరి గంటకి మమ్మల్నందరినీ బయటికి తీసుకొచ్చి, మార్జిను మీద తారుకి నాలుగడుగుల ఇవతల సున్నంతో పొడుగాటి గీత గీసి, దాని వెనక వరసగా నిలబెట్టేవారు.

"కళ్ళు మూసుకోండర్రా. ఏం వస్తుందో, ఎటునుంచి వస్తుందో చెప్పండి."

అది మాకు పాఠమని తెలియదు, ఆట అనుకునేవాళ్ళం. కాలువ నీళ్ళ చప్పుడు, కొబ్బరాకుల గలగల, దూరంగా ఎవరో కొబ్బరి వలుస్తున్న చప్పుడు, వాటన్నిటి అడుగునుంచి సన్నగా మొదలయ్యే ఇంజను మోత. కాయలతో నిండిన లారీ మూలుగుతుందని, ఖాళీ లారీ గలగలలాడుతుందని, జోరుగా వస్తుంది గనక ఖాళీదే ఎక్కువ ప్రమాదమని ఆ గీత వెనకే నేర్చుకున్నాం. అందరికన్నా బాగా చెప్పేది నా నేస్తం సత్యవేణి. దాని తండ్రి కొబ్బరిచెట్లు ఎక్కి కాయలు దింపేవాడు. అది మెడ ఒక పక్కకి వంచి, పెదాలు బిగించి, మాకింకా ఏమీ వినపడకముందే, "ట్రాకటరండీ, రేవు వైపునించండీ" అనేది. రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి అదే పట్టుకునేది.

ఆ ఏడు కోతలయ్యాక రోడ్డుకి ఒకవైపంతా ధాన్యం ఆరబోశారు. అది మా ఊరి పెద్దాయన ధాన్యం. మా నాన్న కౌలుకి చేసే చేను కూడా ఆయనదే. ఆ సాయంత్రం బడి వదిలాక నేనూ సత్యవేణీ మార్జిను మీద గీత వెనకే నిలబడి ఉన్నాం. పెద్దాయన కొడుకు కొత్త కారు నడుపుకుంటూ అమలాపురం నుంచి వస్తున్నాడు. సత్యవేణి ముందే విని, "ఆగు, కారొత్తంది" అని నన్ను వెనక్కి లాగింది. ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. అతను బ్రేకు వెయ్యలేదు. సొంత ధాన్యం తొక్కకూడదని చక్రం ఇటు తిప్పాడు. కారు ఇసుకలోకి దూకి, గీత దాటి వచ్చి, నన్ను వెనక్కి లాగిన ఆ చేతినీ దాని వెనకున్న మనిషినీ ఈడ్చుకుపోయింది.

సత్యవేణి కాలు రెండుచోట్ల విరిగింది. అమలాపురం ఆస్పత్రిలో నెల్లాళ్ళు ఉంది.

మూడో రోజున పెద్దాయన అరుగు మీద నలుగురూ చేరారు. మా నాన్న నన్ను తీసుకెళ్ళాడు. దారిలో ఒక్కమాటే అన్నాడు, "ఆరేం అడిగినా ఊఁ అను తల్లీ." పెద్దాయన చాలా మర్యాదస్తుడు. నన్ను దగ్గరికి పిలిచి, చేతిలో కొబ్బరి లౌజు పెట్టి, "సత్యవేణి పరిగెట్టింది కదమ్మా, రోడ్డు మీదకి?" అని అడిగాడు.

నేను మా నాన్న వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

"ఆయ్" అన్నాను.

అంతే. అక్కడితో తేలిపోయింది. పిల్లలు చూసుకోవాలి కదండీ, పెద్దలు చెప్పుకోవాలి కదండీ అని అందరూ తలలూపారు. అప్పుడు అరుగు కింద, ఎండలో గొడుగు వేసుకుని నిలబడి ఉన్న సుగుణమ్మ టీచరుగారు గొడుగు మూశారు.

"పిల్ల పరిగెట్టలేదండీ. నేను గేటు దగ్గరే ఉన్నాను, చూసేను. గీత వెనకే ఉంది. దాటింది కారండీ."

"మీరు పాఠాలు చెప్పుకోండమ్మా" అన్నారెవరో.

"ఆ పిల్లకి చెప్పిన పాఠం సరిగ్గానే నేర్చుకుందండీ. నేర్చుకోనిది మీ అబ్బాయిగారు."

తన తండ్రి ఏ ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడో ఆ ఇంటి ముందు ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో నాకు అప్పుడు తెలియదు. ఎవరూ మనసు మార్చుకోలేదు. వేసవి సెలవులు అయ్యేసరికి ఆవిడకి రాజోలు అవతల ఎక్కడికో బదిలీ అయింది.

ఆవిడ వెళ్ళకముందు ఒక శనివారం, గీత వెనక నిలబడి కళ్ళు మూసుకున్నప్పుడు, నాకు ఏడుపు ఆగలేదు. నేను అబద్ధం చెప్పానని అందరి ముందూ చెప్పేశాను. టీచరుగారు నన్ను తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని సత్యవేణి ఇంటికి తీసుకెళ్ళి, అదే మాట వాళ్ళమ్మతో చెప్పమన్నారు. చెప్పాను. ఆవిడ పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "నాకు తెల్సమ్మా. నా పిల్ల పరిగెట్టే పిల్ల కాదు" అంది. మంచం మీద సత్యవేణి నాకు జరిగి చోటిచ్చింది. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

దాని కాలు పొట్టిగానే అతుక్కుంది. ఇప్పుడు కొత్తపేటలో బట్టలు కుడుతుంది, మిషను ఒక్క కాలితో తొక్కుతుంది. కారు నడిపినవాడు వాళ్ళ నాన్న తరవాత ఊరికి పెద్దాయన అయ్యాడు.

పోయిన నెల మా మనవరాలి బడిలో రోడ్డు భద్రత గురించి చెప్పడానికి ఒక ఆఫీసరుగారు వచ్చారు. పిల్లలకి రంగురంగుల స్టిక్కర్లు పంచి, చెయ్యి పట్టుకుని నడవాలనీ, అటూ ఇటూ చూడాలనీ, ఆడుతూ రోడ్డెక్కకూడదనీ గంటసేపు చెప్పారు. అన్నీ మంచి మాటలే, ఒక్కటీ కాదనలేను. నేను లేచి, గేటు ముందు బళ్ళు నెమ్మదించడానికి ఏం చేస్తారండీ అని అడిగాను. ఎవరో పెద్దవాళ్ళ కాన్వాయి కోసం తీసేసిన స్పీడు బ్రేకరు మళ్ళీ ఎప్పుడు వేస్తారని కూడా అడిగాను.

"అది మా పరిధిలోకి రాదండీ" అన్నారాయన. "ముందు మన పిల్లల్ని మనం అలర్ట్‌గా పెంచుకోవాలి."

వెనక కూర్చున్న కొందరు తలలూపారు. ఆ తలలూపడం నాకు బాగా తెలుసు.

ఆరేళ్ళ పిల్లకి నేను అన్నీ నేర్పుతున్నాను. అయితే వినడం నేర్పలేకపోతున్నాను. బ్యాటరీ బళ్ళు చప్పుడు లేకుండా వచ్చి పక్కన నిలబడతాయి. పేరు పెట్టి పిలిచే డ్రైవరు లేడు. ఇసుక మార్జిను లేదు. రోడ్డు వెడల్పు చేసి, చేసి, బడి గోడ దాకా తెచ్చారు. గేటు తీస్తే కాళ్ళ కింద తారే.

నిన్న సాయంత్రం బడి వదిలాక గేటులో ఇరవైమంది పిల్లలు ఆగిపోయారు. రెండువైపులా బళ్ళు ఒక్కటీ ఆగలేదు. నేను మనవరాల్ని వాళ్ళ టీచరు పక్కన నిలబెట్టి, చెయ్యెత్తి రోడ్డు మధ్యలోకి నడిచాను. ఒక తెల్ల కారు కీచుమని అడుగు దూరంలో ఆగింది. కుర్రాడు అద్దం దించాడు.

"ఏంటి మామ్మగారూ, చూసుకోవద్దా?"

"నేను చూత్తానే ఉన్నాను బాబూ. నువ్వు చూడు" అన్నాను.

వాడు హారన్ కొట్టాడు, వాడి వెనకవాళ్ళూ కొట్టారు. ఆఖరి పిల్ల దాటేదాకా నేను కదలలేదు.