పెండింగ్ ఎవరి దగ్గర

ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లలకు సోషల్ చెప్పి రిటైరైన మనిషిని నేను. పెండింగ్ అనే మాటకు నాకెవరూ అర్థం చెప్పనక్కరలేదు. నా ఇంక్రిమెంటు పెండింగ్, నా సెలవుల జీతం పెండింగ్, నా ట్రాన్స్‌ఫరు పెండింగ్. రిటైరైన నాడు నాకు కప్పిన శాలువా బిల్లు కూడా కొన్నాళ్ళు పెండింగ్‌లో ఉందని తర్వాత తెలిసింది. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే. పెండింగ్ అన్నారంటే ఆ కాగితం ఎప్పుడూ అవతలివాళ్ళ బల్ల మీదే ఉంటుంది. కూర్చుని తిట్టుకోవడం మాత్రమే మన వంతు. ఈ నమ్మకం పోయినేడాది నా పరువు తీసింది. పరువు ఒక్కటే పోయివుంటే ఇది రాసేవాణ్ణి కాదు.

కడపలో మా వీధి చివర ఒక ఆడిటర్ ఉన్నాడు. చాలా ఏళ్ళు నా ఆదాయపు పన్ను రిటర్ను ఆయనే వేసేవాడు. పోయినేడాది కాగితాలు పట్టుకుని వెళితే ఆయన గుమాస్తా నన్ను చూసి, "పెద్దాయనా, రోంత పక్కకు జరుగు" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు 'సార్' అనిపించుకున్న చెవులు నావి. కాగితాలు చంకలో పెట్టుకుని అట్లే ఇంటికి తిరిగొచ్చాను. గండికోట బురుజులెన్నో కాగితం చూడకుండా చెప్పగలిగినవాణ్ణి, కంప్యూటర్లో నాలుగు గళ్ళు నింపలేనా అనుకున్నాను.

నింపాను. నాలుగు పొద్దులు పట్టింది. తప్పు గడిలో తప్పు అంకె వేయడం, అది ఎర్రగా మారడం, దాన్ని నేను తిట్టడం, ఇట్లా సాగింది. చివరికి కంప్యూటర్ ఇంకొకటి అడిగింది. రిటర్ను వేసింది మీరేనని రుజువు చేయాలి, ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఒక నంబరు పంపిస్తాం, దాన్ని ఇక్కడ కొట్టండి అంది. నా ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. నంబరు రాలేదు. ఇంకోసారి అడిగినా రాలేదు. వాళ్ళ మిషన్ పడుకున్నట్టుందిలే అనుకున్నాను. పక్కనే 'తర్వాత చేస్తాను' అని ఇంకో మీట కనిపించింది. ప్రభుత్వోద్యోగం చేసినవాడికి అంతకంటే ఇష్టమైన మీట ఉండదు. నొక్కాను. రిటర్ను అందింది, వెరిఫికేషన్ పెండింగ్ అని వచ్చింది. 'అందింది' అన్న మాటను కళ్ళజోడు పెట్టుకుని చదివాను. 'పెండింగ్' అన్న మాటకు కళ్ళజోడు అవసరం లేదు గనక తీసేశాను.

ఇక నా భార్య సంగతి చెప్పాలి. ఆమెది కోసిగి పక్కన పల్లె. నా మొదటి పోస్టింగు ఆ వైపే. పెళ్ళయి నలభై ఏళ్ళు కావొస్తున్నా, కడపలో ఇన్నేళ్ళున్నా, డబ్బును ఇప్పటికీ 'దుడ్లు' అంటుంది. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం నన్ను 'మీరు' అనేది. రిటైరైన నెల నుంచి 'నువ్వు' అయ్యాను. వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళందరినీ పిలిచినట్టే నన్నూ 'ఏమప్పా' అంటుంది. జీతం తగ్గితే మర్యాద కూడా ఆ లెక్కనే తగ్గుతుందేమో అని ఒకసారి అడిగాను. "దుడ్లకేముండాదప్పా, పొద్దంతా ఇంట్లోనే ఉండేవానికి 'మీరు' అంటా కూచుంటే నా పని యాడ తెమల్తాది" అంది.

ఆమె నన్ను ఇన్నేళ్ళలో నోరు తెరిచి అడిగింది ఒక్కటే, గండికోట చూపించమని. కొండ చీలిన చోట కింద పెన్న పారుతుందంటారే, అది చూడాలని. కడప నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. బడిపిల్లల్ని నేను పదకొండు సార్లు అక్కడికి తీసుకుపోయాను. పదకొండు సార్లూ పొద్దున్నే లేచి పెద్ద డబ్బా నిండా చిత్రాన్నం చేసి ఇచ్చింది ఆమె. బస్సులో చోటు లేదనో, ఆడవాళ్ళకు ఎండ పడదనో, వచ్చే ఏడు చూద్దాంలే అనో ప్రతిసారీ ఏదో ఒకటి అన్నాను. ఆమె ఎన్నడూ గొడవ పడలేదు. ఒక్కసారి మాత్రం, "నా చిత్రాన్నం పదకొండు తూర్లు సూసొచ్చె గండికోట. నేనే సూళ్ళేదు" అంది. నేను నవ్వాను. బాగా చెప్పావని మెచ్చుకున్నాను కూడా.

పోయినేడాది ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. డాక్టరు ఫొటో తీసి, రెండూ మార్చాల్సిందే అన్నాడు. మార్చాక రాళ్ళూ రప్పలూ ఎక్కడం మరిచిపోవాలన్నాడు. ఆసుపత్రి నుంచి ఆటోలో వస్తూ, "ఈ కాళ్ళు ఉండంగానే ఒకతూరి పోయొద్దామప్పా. నెలనెలకూ శానా పాడైతాండాయి" అంది. సరే అన్నాను. రిటర్ను పని తేలగానే పోదాం, ఎక్కువ కోసుకున్న పన్ను రిఫండుగా వెనక్కి వస్తే కారు మాట్లాడుకుని దర్జాగా పోదాం అన్నాను. ఒక పని తేలకుండా ఇంకో పని పెట్టుకోవడం మా ఇంటా వంటా లేదు. పని తేల్చడం కూడా లేదనుకోండి.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున కాఫీ తాగి రిటర్ను ఎక్కడిదాకా వచ్చిందో చూడటం నా పనైంది. లోపలికి పోవాలి, పాస్‌వర్డు కొట్టాలి, అది తప్పనిపించుకోవాలి, మళ్ళీ కొట్టాలి. అప్పుడు కనిపిస్తుంది, పెండింగ్. ఆమె వంటింట్లోంచి, "ఏమంటాండాది?" అని అడిగేది.

"పెండింగ్."

"నీదా, నాదా?" అనేది.

మొదటి రోజు అదో పరాచికం అనుకున్నాను. పదో రోజుకు కూడా అట్లే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సాయంత్రాలు టీ అంగడి దగ్గర మా రిటైరైన వాళ్ళ సభ ఉంటుంది. ఆ నెలంతా అధ్యక్షుణ్ణి నేనే. కంప్యూటర్లు వచ్చినా మనుషులు మారలేదని, చెప్పులరిగేలా తిరగడం పోయి కళ్ళరిగేలా చూడటం వచ్చిందని ఉపన్యాసాలిచ్చాను. ఎక్కడో చల్లని గదిలో ఒక గుమాస్తా నా రిటర్ను మీద టీ గ్లాసు పెట్టి పక్కవాడితో పిచ్చాపాటీ వేసుకుంటున్నట్టు కళ్ళకు కట్టించాను. ట్రెజరీలో చేసి రిటైరైన ఒకాయన, "నీ ఫోనుకేమైనా మెసేజీ వచ్చిందేమో సూడప్పా" అన్నాడు. వచ్చాయి, రెండు మూడు వచ్చాయి. మీ రిటర్ను వెరిఫై చేయండి అని. అవన్నీ దొంగ మెసేజీలని, నేను వాటిని చదవకుండానే తీసేసే తెలివైనవాణ్ణని గర్వంగా చెప్పాను. ఆయన ఇంకో టీ చెప్పాడు.

రిటర్ను వేసిన ఇరవై తొమ్మిదో రోజున నాకు ఓపిక నశించింది. సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి చక్కని తెలుగులో పలికింది. నేను తయారుగా పెట్టుకున్న ఉపన్యాసంలో సగమే విప్పాను. ప్రజల సొమ్ము తింటూ నెల రోజులుగా ఒక సీనియర్ సిటిజన్ కాగితాన్ని పెండింగ్‌లో పెట్టడానికి మీకు మనసెట్లా వచ్చింది అన్నాను. ఆ పిల్ల అంతా విని, మెల్లగా అంది.

"సార్, అది మా దగ్గర పెండింగ్ లేదు సార్. మీ దగ్గరే పెండింగ్."

నేను మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పింది. రిటర్ను వేసింది నేనేనని నేను ఒప్పుకుంటే తప్ప వాళ్ళు దాన్ని ముట్టుకోరట. దానికి ముప్పై రోజులే గడువట. రేపటితో అయిపోతుందట. దాటితే గడువు లోపల వేసిన రిటర్ను కూడా ఆలస్యంగా వేసినట్టే లెక్కట. నంబరు రాలేదమ్మా అన్నాను. ఆధార్‌కు ఏ ఫోను కలిపారో ఒకసారి చూసుకోండి సార్ అంది. ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడిగింది. నాకు కావలసిన సహాయం ఆమె చేయగలిగింది కాదు.

కంప్యూటర్ ముందు కూర్చుని నంబరు పంపమని నొక్కాను. నా ఫోను చప్పుడు చేయలేదు. వంటింట్లో ఆమె ఫోను ట్రింగుమంది. అప్పుడు గుర్తొచ్చింది. నేను కొత్త ఫోనూ కొత్త నంబరూ తీసుకున్నప్పుడు పాత నంబరు ఆమెకిచ్చాను. నా ఆధార్ ఆ పాత నంబరుతోనే ఉండిపోయింది.

వంటింట్లోకి పరుగెత్తాను. ఆమె మునక్కాయలు కోస్తోంది.

"నీ ఫోనుకేదో నంబరు వచ్చింది చూడు. చెప్పు, చెప్పు!"

"చెప్పను," అంది.

దానికీ కారణం నేనే. అంతకు ఆర్నెల్ల ముందు మా పాత హెడ్మాస్టరును ఎవరో ఫోన్లో మోసం చేశారు. ఆ రోజు నేను ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఫోనుకు వచ్చే నంబరు ఎవరికీ చెప్పొద్దు. బ్యాంకువాడు అడిగినా చెప్పొద్దు. దేవుడు దిగివచ్చి అడిగినా చెప్పొద్దు. నేను అడిగినా సరే చెప్పొద్దు. బడిలో అలవాటు కదా, మూడుసార్లు ఆమెతో అప్పజెప్పించుకున్నాను కూడా.

"నేనే కదా అడుగుతున్నది!"

"నువ్వు అడిగినా చెప్పొద్దని నువ్వే అంటివి గదప్పా."

"నెల కిందట కూడా వచ్చిందా?"

"వచ్చె. రొండుతూర్లు వచ్చె. ఎవురికీ చెప్పొద్దని దాంట్లో గూడా రాసిండాది. చెప్పలా."

నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. నెల రోజులు నేను తిట్టిన గుమాస్తా మా వంటింట్లో ఉన్నాడనుకుంటే తప్పు. ఆ గుమాస్తాను నేనే. టీ అంగడి, ఉపన్యాసాలు, చల్లని గది, అన్నీ నాకే తగిలాయి. ఆమె కత్తిపీట పక్కకు పెట్టి నా వైపు చూసింది. నేను ఏమీ అడగకుండానే ఫోను తీసి చాపింది.

"తీస్కో. నీ పని నా దగ్గర నెల దినాలే ఆగిండాది," అంది.

మిగతా సగం ఆమె అనలేదు. అనకపోయినా వినపడింది.

నంబరు కొట్టాను. వెరిఫై అయిందని పచ్చగా వచ్చింది. రిఫండు కోసం ఆగకుండా ఆ ఆదివారమే కారు మాట్లాడాను. ఆమె పొద్దున్నే లేచి చిత్రాన్నం చేసింది. వద్దు, దారిలో ఏదైనా తిందాం అంటే వినలేదు. "పన్నెండో తూరి గదా, దానికి దారి బాగా తెల్సు" అంది.

కోట వాకిలి దాటాం. మసీదు, ధాన్యపు కొట్టు, అన్నీ చూపిస్తూ పాఠం చెప్పినట్టే చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగే వేసింది. పెన్న లోయ కనిపించాలంటే చివర్లో పెద్ద పెద్ద బండలు దాటాలి. పదకొండు సార్లూ పిల్లల వెనక వాటి మీద గంతులేసినవాణ్ణి నేను. అవి అంత ఎత్తని నాకు ఆ రోజే తెలిసింది. ఆమె మొదటి బండ మీద కాలు పెట్టి, మోకాలు పట్టుకుని ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నం చేసింది. తర్వాత అక్కడే ఒక రాతి మీద కూర్చుంది. గాలి మాత్రం లోయలోంచి బాగా వస్తోంది.

"నువ్వు పోయి సూసి రాప్పా," అంది.

నేను పోలేదు. ఆమె పక్కనే కూర్చున్నాను. కాలేజీ ఆడపిల్లలు ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుంటాం రా అవ్వా అన్నారు. వద్దంది. వాళ్ళు పోయి ఫోన్లో లోయ వీడియో తీసుకొచ్చి చూపించారు. ఆమె ఫోను దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చూసి, "బాగుండాది" అని తిరిగి ఇచ్చేసింది.

"అయిదేండ్ల కిందట పిల్చకొచ్చింటే ఎక్కుతాంటి," అంది కాసేపటికి. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అనిపించింది. నాకు ఏడుపొచ్చింది. ఎండకు కళ్ళు మండుతున్నట్టు తుడుచుకున్నాను.

అప్పుడే నా ఫోను మోగింది. రిటర్ను పరిశీలన పూర్తయిందని మెసేజీ. ఈసారి తీసేయకుండా మొత్తం చదివాను.

"ఏమంట?" అంది ఆమె.

"తేలిపోయిందంట."

"ఎవురిది?"

"నాది," అన్నాను.

ఆమె తలూపి చిత్రాన్నం డబ్బా మూత తీసింది.