కిటికీకి లప్పం పెట్టిన ఏడాది

డెబ్భైల్లో రాయపూర్‌లోని మోవాలో నాకు దొరికిన గదికి ఒకటే కిటికీ, అదీ తెరవకూడని కిటికీ. పెళ్ళికాని వాడికి గది ఇవ్వడమే గొప్పన్నట్టు మాట్లాడే ఇంటాయన తాళంచెవి చేతికిస్తూ, "ఉధర్ కీ ఖిడ్కీ మత్ ఖోల్‌నా, బాబూ. ఫ్యామిలీ రహతీ హై" అన్నాడు. అటువైపు గజం దూరంలో పక్కింటి వంటగది. ఎందుకొచ్చిన గొడవని ఆ రోజే గడియ బిగించేశాను.

గడియ బిగిస్తే మూసుకునే కిటికీ కాదది. ఎండలకి చెక్క ఎండిపోయి రెండు రెక్కల మధ్య వేలు పట్టేంత సందు. అద్దాలు పట్టుకుని ఉండాల్సిన లప్పం ఊడిపోయి, గాలి వీస్తే అవి గడగడలాడేవి. మడిచిన కాగితాలు దూర్చి వాటి నోరు మూయించేవాణ్ణి. వేసవిలో పక్క మీద దుమ్ము, వానల్లో గోడ మీద తడి. తిట్టని రోజు లేదు.

ఒక సాయంత్రం ఆ సందులోంచి తెలుగు వినిపించింది.

"ఒలే, పాలగిన్నెలో మూతెట్టేస్తావేటే? సిగ్గు నేదా నీకు?"

విజయనగరం వైపు యాస, పెద్దావిడ సన్నని గొంతు. మాట్లాడేది పిల్లితో. రైల్వేలో పనిచేసే కొడుకు డ్యూటీ మీద ఊళ్ళు తిరుగుతుంటే ఇంట్లో ఆవిడొక్కతే ఉంటుందని నాకు తెలిసింది కూడా ఆవిడ పిల్లికి చెప్పుకుంటేనే. ఆఫీసులో నా అరకొర హిందీకి అందరూ నవ్వితే, మొహం మాడ్చుకుని వచ్చి ఆ మాటల కోసం కాచుకుని కూర్చునేవాణ్ణి. ఆ ఊళ్ళో నాకున్నది ఆవిడొక్కతే. మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

వానలు మొదలయ్యాక, నీళ్ళు గోడలోకి దిగుతున్నాయని ఇంటాయన వడ్రంగిని పిలిపించాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సందు మీద చెక్కపట్టీ, అద్దాల చుట్టూ కొత్త లప్పం. పని బ్రహ్మాండంగా కుదిరింది, నా ఖర్మ కొద్దీ. ఆ సాయంత్రం అద్దానికి చెవి ఆనించినా ఒక్క మాట వినబడలేదు.

లప్పం ఇంకా మెత్తగానే ఉంది. గీకేద్దామని చాకు తీశాను గానీ, గది పోతే ఎక్కడికి పోను? పోనీ వెళ్ళి పలకరిద్దామంటే, రోజూ మీ మాటలు చాటుగా వింటున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఈలోగా లప్పం రాయిలా బిగిసింది.

దసరా ముందు ఒక ఉదయం పక్కింటి ముందు రిక్షా ఆగి ఉంది. కూతురు కాబోలు, సామాను ఎక్కిస్తోంది. పక్కన బక్కగా ఒక పెద్దావిడ. "ఊరెళ్తున్నారా, పెద్దమ్మా?" అన్నాను.

ఆవిడ గబుక్కున తిరిగింది. "ఓలమ్మా, ఎనకగది బాబువి నువ్వేనేటి! స్టవ్వుని తిట్టుకుంటూ వండుకుంటావు కదా. ఆ గొంతు ఇంటే నాకు దైర్నంగుండేది. ఈమజ్జిన ఇనబడక, నువ్వు ఎల్లిపోనావనుకున్నాను. ఇంక తెలుగు మాటే నేదని, మా అమ్మి రమ్మంటే సరేనన్నాను."

"నేనెక్కడికీ వెళ్ళలేదు. కిటికీ బాగు చేయించారంతే."

ఆవిడ కూతురి వైపు చూసింది. "రైలు టైమైపోతాది, ఎక్కమ్మా" అని కూతురు ఆవిడ చెయ్యి పట్టి ఎక్కించింది. రిక్షా మలుపు తిరిగేదాకా ఆవిడ వెనక్కి తిరిగి నన్నే చూస్తూ ఉంది. నడిరోడ్డని కూడా చూడకుండా ఏడ్చేశాను.