ఘనంగా ముగిసిన సభ

ఆ రోజుల్లో చిలకలూరిపేటలో పేరు మోగిపోవాలంటే సినిమాల్లో వేషం వెయ్యనక్కర్లేదు, మా లోకల్ కేబుల్ టీవీలో కనబడితే చాలు. ఇప్పుడంటే ప్రతివాడి చేతిలోనూ ఫోనే, ఎవడి వార్త వాడే చదువుకుంటున్నాడు. అప్పుడు మాత్రం ఊరు మొత్తానికీ వార్తలు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. టీకొట్టు దగ్గర నా గ్లాసులో చక్కెర ఓ చెంచా ఎక్కువ పడేది. ఇరవై మూడేళ్ళవాడికి కళ్ళు నెత్తికెక్కడానికి అంతకంటే ఏం కావాలి? (కోటు మాత్రం నాది కాదు. మా కేబుల్ ఓనరు తన పెళ్ళికి కుట్టించుకున్నది. చేతులు పొడుగైపోయి నా వేళ్ళు కనబడేవి కావు.)

ఆ ఓనర్ని అందరం బాబాయి అనేవాళ్ళం. ఆయన దగ్గరున్నది ఒకటే కెమెరా. సాయంత్రమైతే అది పెళ్ళిళ్ళకు వెళ్ళిపోయేది. అందుకని రాత్రి ఎనిమిదింటికి వేసే వార్తలు మధ్యాహ్నం రెండింటికే చదివి రికార్డు చేసేవాళ్ళం. మరి సాయంత్రం జరగబోయే సభల సంగతో? ఆహ్వాన పత్రిక ముందు పెట్టుకుని, జరుగుతుంది అన్నచోటల్లా జరిగింది అని, పైన ఒక 'ఘనంగా' తగిలించి చదివెయ్యడమే. ఎనిమిదింటికల్లా సభ ఎలాగూ అయిపోతుంది కాబట్టి అది అబద్ధమని మాకెప్పుడూ అనిపించలేదు.

ఇంతలో మా డ్రాయింగ్ మాస్టారు రిటైరయ్యారు. లెక్కల మాస్టార్లకూ ఇంగ్లీషు మాస్టార్లకూ దండలు పడ్డాయి గానీ, డ్రాయింగ్ పీరియడంటే మాకు ఆటల పీరియడే కాబట్టి ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. పోనీ ఇప్పుడైనా అని పాత విద్యార్థులం కలిసి, పత్తి వ్యాపారుల హాల్లో సాయంత్రం ఆరున్నరకు సన్మానం పెట్టాం. ఆయన జన్మకి అదే మొదటి సన్మానం. కొత్త పంచె కొనుక్కుని, దారిలో కనబడ్డవాళ్ళందరినీ తనే స్వయంగా పిలుచుకున్నారు పాపం.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. సభకొచ్చే జనం నన్ను అప్పుడే టీవీలో చూసి వస్తే ఆ దర్జాయే వేరు కదా అనిపించింది. ఆ ఒక్క రోజుకీ వార్తలు ఆరింటికే వెయ్యమని బాబాయిని బతిమాలాను. ఆయన వేశాడు. హాలు కిక్కిరిసిపోయిందనీ, మాస్టారు కన్నీళ్ళతో కృతజ్ఞతలు చెప్పారనీ గొంతు వణికించి మరీ చదివాను.

పేటంతా విన్నది. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని బయల్దేరబోతున్నవాళ్ళు, అరెరె, టైము ముందుకు జరిపినట్టున్నారు, అయిపోయిందే అనుకుని మళ్ళీ కూర్చున్నారు. నేను తల దువ్వుకుని హాలుకు వెళ్ళేసరికి రెండొందల కుర్చీల్లో తొమ్మిది మంది ఉన్నారు, మైకువాడితో కలిపి. వేదిక మీద మాస్టారు తలుపు వైపే చూస్తున్నారు. సైకిలెక్కి వీధులన్నీ తిరిగాను. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు గేటు దగ్గర గుమాస్తా ఒకాయన, "అయిపోయిందని నువ్వే చెప్పావుగదయ్యా!" అన్నాడు. చివరికి ఆ తొమ్మిది మందే చప్పట్లు కొట్టారు. మాస్టారి వైపు చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు స్టూడియోకి వచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఒక ఖాళీ కేసెట్టు బల్లమీద పెట్టారు.

"ఒరేయ్, నిన్నటి వార్త దీన్లో ఎక్కించి ఇవ్వరా. మా ఇంటావిడ కాలు విరిగి గుంటూరు ఆసుపత్రిలో ఉందిగా, రాలేకపోయింది. జనం బాగా వచ్చారా అని ఒకటే అడుగుతోంది. ఇంటికొచ్చాక చూపిస్తానన్నా."

"అందులో ఉన్నది మరి..." అని నసిగాను.

"బాగా చదివావురా. అదే ఎక్కించు" అన్నారు.

ఎక్కించి ఇచ్చాను. క్షమించమని మాత్రం అడగలేదు. తర్వాత అడుగుదాంలే అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను, ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు. ఇంటిపేరు తప్పు చదివావని దిద్దించుకోవడానికి చాలామంది వచ్చేవారు గానీ, తప్పుడు వార్తను ఉన్నదున్నట్టు ఇమ్మని వచ్చింది ఆయనొక్కరే. ఆవిడ అది చూసి, అంతమంది వచ్చారా అని మురిసిపోయిందట. బాబాయి కోటు తొడుక్కుని గొంతు వణికించిన ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రోజూలాగే ఎనిమిదింటిదాకా ఆగి ఉంటే, వాడు చదివిందంతా నిజమయ్యేది.