ఖాళీ వలకు కాపలా

ఆ రోజుల్లో మా అక్కుపల్లి వైపు ఆడపిల్ల చేతిలో కర్ర కనిపిస్తే ఎండుచేపల మీద వాలే కాకుల్ని తోలడానికే అనుకునేవారు. ఆటకని ఎవరికీ తోచేది కాదు. నాకు ఆ కర్ర కూడా దక్కలేదు. మా పీటీ మేడం ఎక్కడి నుంచో ఫ్లోర్‌బాల్ అనే ఆట పట్టుకొచ్చి (హాకీకి చెల్లెలనుకోండి, చిల్లుల ప్లాస్టిక్ బంతితో గచ్చు మీద ఆడతారు), పరుగు చేతకాని నన్ను గోలీని చేసింది. ఈ ఆటలో గోలీకి కర్ర ఉండదు. వల ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో, ఒంటితో, ఖర్మ కాలితే ముఖంతో బంతిని ఆపాలి. ఊళ్ళో నున్నటి గచ్చు తుఫాను షెల్టర్‌లోనే ఉండేది. నా మోకాళ్ళు అక్కడే అరిగాయి.

టెక్కలిలో పోటీలు పెట్టారు. బాగా ఆడినవాళ్ళను జాతీయ జట్టు శిబిరానికి పంపుతారట. నాకు రాత్రీపగలూ అదే ధ్యాస. కానీ నాన్న ఒప్పుకోవాలి. "ఆటేటో నాను సూడాలి" అని ఆయన ఆ రోజు సముద్రం మీద చేపల వేట మానుకుని, ఉతికిన లుంగీ కట్టుకుని మరీ వచ్చాడు.

మొదటి ఆటలో నా వలలోకి ఒక్క బంతీ పోలేదు. గెలిచిన గర్వంతో నాన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయన ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఏటే అమ్మీ, అంతసేపు వల కాడ కూకున్నావు. ఒక్కటీ పడ్నేదు."

నేను విడమరచి చెప్పేలోపే మేడం వచ్చి శిబిరం మాట ఎత్తింది. నాన్న తల అడ్డంగా ఊపాడు. "ఖాళీ వల కాయడానికి పిల్లని అంత దూరం ఎందుకు మేడం?" విశాఖపట్నంలో పెరిగిన మేడానికి ఆయన బాధేమిటో అర్థం కాలేదు. నాకు అర్థమైంది గానీ, ఈలోగా ఫైనల్‌కి ఈల వేసేశారు.

ఆట ముగియబోతుండగా బంతి నా చంక కింద నుంచి దూరి వలలో పడింది. మావాళ్ళంతా తలలు పట్టుకున్నారు. ఒక్క మనిషి మాత్రం లేచి చప్పట్లు కొట్టాడు.

"పడింది! మా అమ్మికి పడిందిరా!"

హాలంతా అటు తిరిగింది. నేను గచ్చు మీద బోర్లా పడి వెక్కివెక్కి ఏడ్చాను. అది చూసి నాన్న చేతులు ఆగిపోయాయి.

మేము ఓడిపోయాం. నాన్న మెల్లగా వచ్చి నా పక్కన గచ్చు మీద చతికిలబడ్డాడు. తర్వాత మేడంతో అన్నాడు: "ఎన్నోసార్లు ఖాళీ వల్తో ఇంటికొచ్చాను మేడం. నానెప్పుడూ ఇలగ ఏడవనేదు. ఈ ఆట నాకు తెల్దు, దానికి తెలుసు. తీసుకెల్లండి."

అలా దేశం తరఫున ఆడాను. కొన్నేళ్ళకు నాన్న కిడ్నీలు పాడయ్యాయి, మా ఉద్దానంలో ఎందరికో అయినట్టే. మంచం మీద నుంచే ఫోన్‌లో "ఖాళీయేనా అమ్మీ?" అని అడిగేవాడు. "ఖాళీయే నాన్నా" అంటే ఎంత సంతోషమో! (బుట్టెడు పడిన రోజున కూడా అదే చెప్పేదాన్ని.) ఇప్పుడు అలా అడిగేవాళ్ళు లేరు.

ఇప్పుడు నేను కోచ్‌ని. గోల్ పడి ఏడ్చే పిల్లను ఊరుకోమనను, ఏడవనిస్తాను. ఈ మేడానికి జాలి లేదని పిల్లలు నా వెనకాల చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఎందుకో వివరించబోతే ముందు నాకే ఏడుపొస్తుంది. ఈల మెడలో వేసుకున్న ఇంత పెద్ద మేడం పిల్లల ముందు ఏడిస్తే ఏం బాగుంటుంది చెప్పండి?