తెర చాటున ఐసు ముక్కలు

ఏ బండి ఎటు వెళ్తుందో పిలిచే మైకు అందుకునే ముందు బురుల్‌కాన్ ఎజే, అంటే మా అందరికీ అక్క, రోజూ సంచిలోంచి నాన్ రొట్టె తీసి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంటుంది. ఆకలేసి కాదు. మిగిలిన రొట్టెను కిటికీలోంచి బయటికి చాపుతుంది. మా ఓష్ ఊరి పాత బస్టాండుకు ఆ పొద్దున ముందుగా వచ్చిన డ్రైవరు ఎవరైనా సరే, ఒక ముక్క తుంచుకోవాలి. "నోరు తాకించు" అంటుంది. మా వైపు ఎవరినీ రొట్టె నోటికి తాకించకుండా గడప దాటనివ్వరు. కడుపు నిండి ఉన్నా, బండి కదిలిపోతున్నా ఒక్క ముక్క తినాల్సిందే. కాదంటే పెట్టిన చేతిని విదిలించి కొట్టినట్టు. ఆ తంతు అయ్యాకే ఆమె గొంతు సవరించుకుంటుంది.

"ఉజ్గెన్, ఉజ్గెన్. రెండు సీట్లున్నాయి. లావుగా ఉన్నవాళ్ళకైతే ఒకటే."

భర్త పోయాక ఇద్దరు కూతుళ్ళను ఆ గొంతుతోనే పెంచింది. అందుకే పేగులో గడ్డ అని తేలినప్పుడు కూడా అంత కంగారుపడలేదు గానీ, ఆపరేషన్ తర్వాత ఎక్కించే మందు వల్ల నోరంతా పుండ్లు పడతాయని చెప్పినప్పుడు మాత్రం "మరి మైకులో పిలిచేదెలా?" అని కంగారుపడింది. నేను వాళ్ళింట్లోనే ఓ గదిలో అద్దెకుంటాను. ఆసుపత్రికి సూపు పట్టుకెళ్ళే పని నాది. ఆ మాట విన్న రోజు నేనక్కడే ఉన్నాను.

డాక్టరమ్మ చోల్పోన్ అసానొవ్నా ఆమె పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "మందు ఎక్కుతున్నంతసేపూ ఐసు ముక్కలు చప్పరిస్తే పుండ్లు తగ్గుతాయేమో అని ఒక పరీక్ష పెట్టాం ఎజే. వేరే మందుకి తగ్గాయి. ఈ మందుకి తగ్గుతాయో లేదో ఎవరికీ తెలీదు. చేరినవాళ్ళలో సగం మందికి ఐసు ఇస్తాం, సగం మందికి ఇవ్వం. పుక్కిలించే మందు మాత్రం అందరికీ ఉంటుంది. ఎవరు ఎటన్నది నా చేతిలో లేదు, కంప్యూటరే చీటీ తీస్తుంది. చేరకపోయినా, చేరి మధ్యలో మానేసినా మీ వైద్యం ఆగదు."

"అంటే ఐసు పనిచేస్తుందని తెలియాలంటే, ఎవరో ఒకరు ఐసు లేకుండా కూర్చోవాలి."

"అంతే."

"సరే, నా పేరు రాయండి. నోటితో బతికేదాన్ని నాకే తెలియకపోతే ఎలా?"

చీటీలో ఆమెకు ఐసు రాలేదు. పక్క మంచం మీది ఉమ్‌సునాయ్ అపాకు వచ్చింది. పెద్దావిడ గనక అందరికీ ఆమె అపా; నూకత్ దగ్గర పల్లె. తెల్ల తలగుడ్డ, పెద్ద నోరు. కాగితం గ్లాసులో ఐసు చూసి బెదిరిపోయింది.

"డెబ్భై ఏళ్ళు చల్లనీళ్ళు తాగొద్దని పిల్లల్ని తిట్టి పెంచాను. ఇప్పుడు నన్నే గడ్డ కట్టించి పంపుతారా?" అంది. ఒక ముక్క నోట్లో వేసుకుని, పక్కన ఖాళీ చేతులతో కూర్చున్న బురుల్‌కాన్‌ను చూసింది. నమలడం ఆగిపోయింది. నర్సు అటు తిరగగానే గ్లాసు చాపింది.

"ఇదిగో అమ్మాయ్. నోరు తాకించు."

"నాకు వద్దన్నారు అపా."

"రొట్టె తినమన్నానా? ఇది నీళ్ళేగా. చూసే కంటికీ వాటా ఉంటుంది. నువ్వు చూస్తుంటే నేను ఒక్కదాన్నే ఎలా మింగను?"

పెద్దావిడ చాపిన చేయి వెనక్కి వెళ్ళకూడదు. బురుల్‌కాన్ ఒక ముక్క తీసుకుంది. తర్వాతి విడతలో రెండు. ఆ పైన గ్లాసులో సగం. వార్డంతా అదే తీరు. ఐసు వచ్చిన ప్రతి ఆడమనిషీ రానిదానికి పెట్టింది. ఎవరికీ తప్పనిపించలేదు, మర్యాదనే అనుకున్నారు.

కొన్ని విడతలయ్యాక డాక్టరమ్మ చిన్న టార్చి పట్టుకుని అందరి నోళ్ళూ చూసి, కిటికీ దగ్గర నర్సుతో అంది. "రెండు జట్ల నోళ్ళూ ఒకేలా ఉన్నాయి. ఐసు వల్ల ఏమీ లేదనే తేలేట్టుంది. అలా తేలితే ఇక ఎవరికీ ఇవ్వరు."

బురుల్‌కాన్ చెంచా సూపులో వదిలేసింది. తన నోరు ఎందుకు బాగుందో ఆమెకు తెలుసు. చెబితే పక్క మంచం మీది పెద్దావిడ పరువు పోతుంది, రేపటినుంచి తన ఐసూ పోతుంది. చెప్పకపోతే, తమ తర్వాత ఈ మంచాల మీదికి వచ్చేవాళ్ళకు పనికొచ్చేదాన్ని పనికిరాదని పారేస్తారు.

"డాక్టరమ్మా, నేను ఐసు తింటున్నాను. నేనే అడిగి తీసుకున్నాను."

"అబద్ధం," అంది ఉమ్‌సునాయ్ అపా దుప్పటి కిందనుంచి. "ఇది అడగలేదు. నేనే పెట్టాను. తినేదాకా చేయి దించలేదు."

"మీరు ఊరుకోండి అపా."

"నువ్వు ఊరుకో. నా దొంగతనం నువ్వెందుకు మొయ్యాలి? ఇంతకీ దొంగతనం ఎలా అయింది? పెట్టాను గదా, ఎత్తుకుపోలేదుగా."

గోడవైపు మంచంనుంచి మరో గొంతు, "నేనూ పెట్టాను" అంది. ఇంకొకటి, "నేనూ తిన్నాను" అంది. డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. కోప్పడుతుందనుకున్నాం. నుదురు రుద్దుకుంటూ నవ్వింది.

"మా అమ్మయినా ఇదే చేసేది. ఇంతవరకు జరిగింది జరిగినట్టే పై వాళ్ళకు రాస్తాను, దాచను. ఇకముందు సంగతి చెప్పండి. వేరే గది లేదు. ఒకరి ఎదురుగా ఒకరు తినకుండా ఎలా?"

"ఎదురుగా ఉంటే నా వల్ల కాదు," అంది అపా. "నన్ను తీసేసినా సరే."

మందు ఎక్కించే తర్వాతి రోజున బురుల్‌కాన్ ఒక మూట తెచ్చింది. లోపల ఎర్ర పట్టు అంచు కుట్టిన తెల్లటి తెర. కొషోగో అది. పెళ్ళిలో కొత్త కోడలిని దాని వెనకాలే కూర్చోబెడతాం. చూడాలనుకున్నవాళ్ళు కానుక ఇచ్చి తీరాలి. తన పెళ్ళినాటిది, పెట్టెలోంచి తీసి ఉతికింది. నర్సులు తాడు కట్టి వార్డు మధ్యన వేలాడదీశారు. ఐసు వాళ్ళు ఆవల, మిగతావాళ్ళు ఈవల.

"ఈ వయసులో నన్ను మళ్ళీ పెళ్ళికూతుర్ని చేశావు గదే," అంది అపా తెర వెనక్కి వెళుతూ. "వరుడేడీ?"

"సెలైన్ స్టాండు ఉందిగా అపా. సన్నగా, పొడుగ్గా. తిరిగి మాట్లాడడు."

"మా ముసలాడికన్నా నయమే."

నర్సుతో సహా అందరూ నవ్వారు. ఆ తర్వాత తెర ఎవరూ తీయలేదు. తీస్తే కానుక ఇవ్వాలి మరి. చూసే కన్ను లేదు గనక తినే నోటికి సిగ్గు లేదు.

వారం తిరిగేసరికి బురుల్‌కాన్ నోరు పూసింది. పెదవుల లోపల, నాలుక కింద, గొంతు దాకా పుండ్లు. సూపు చల్లార్చి చెంచాతో పోసినా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఒంట్లో బాగున్న రోజుల్లో బస్టాండుకు వెళ్ళేది గానీ మైకు ముందు గొంతు పెగిలేది కాదు. కిటికీలోంచి చేత్తో సైగలు చేసేది.

"ఎజే, నువ్వు పలక్కపోతే ఉజ్గెన్ వాళ్ళంతా గుల్చా బండి ఎక్కి కూర్చుంటున్నారు," అన్నాడు ఒక డ్రైవరు. ఆమె రొట్టె అతనికి చాపింది. తను తుంచిన ముక్క మాత్రం పెదవికి ఆనించి సంచిలో వేసుకుంది.

డాక్టరమ్మ నోరు చూసి టార్చి ఆర్పేసింది. "మీరు మానెయ్యొచ్చు ఎజే. ఇప్పుడే ఐసు తెప్పిస్తాను. ఎవరూ ఏమీ అనరు."

బురుల్‌కాన్ ఒక్కో మాటా కూడదీసుకుని అంది. "నా వెనకాల వచ్చేదానికి ఏం చెబుతారు? తెలీదనేగా? ఉంటాను."

ఆ మాట తెర దాటి వినిపించినట్టుంది. ఆవల నమిలే చప్పుడు ఆగింది. కాసేపటికి అపా గొంతు వచ్చింది, ఎప్పుడూ లేనంత చిన్నగా. "నాకూ వద్దు ఈ ఐసు."

"తినండి అపా." మాటకు మాటకూ మధ్య ఊపిరి పీల్చుకుంటోంది. "మీరు మానేస్తే నా పుండ్లు దండగ. నమిలే చప్పుడు నాకు వినబడాలి."

తర్వాత తెర వెనక ఐసు పటపటమంది. బురుల్‌కాన్ కళ్ళు మూసుకుని, మందు అయిపోయేదాకా ఆ చప్పుడే విన్నది.

పరీక్ష ఇంకా చాలా ఊళ్ళలో జరిగింది. జవాబు రావడానికి రెండేళ్ళు పట్టింది. ఐసు చప్పరించినవాళ్ళకు పుండ్లు తక్కువ, ఉన్నా త్వరగా మానాయి. డాక్టరమ్మ ఆ కబురు చెప్పడానికి బస్టాండుకే వచ్చింది. అప్పటికి ఉమ్‌సునాయ్ అపా లేదు. ఐసు నోటికే గానీ గడ్డకు మందు కాదు. ఆఖరి రోజుదాకా ఆమె వేడి సూపు తాగగలిగిందని కూతురు ఫోనులో చెప్పింది. బురుల్‌కాన్ ఆ పూట రొట్టెను రెండు ముక్కలు తుంచింది. ఒకటి తను తిని, రెండోది డాక్టరమ్మకు పెట్టింది. ఆవిడ హడావిడిలో ఉండి కూడా నోరు తాకించే వెళ్ళింది.

ఆ ఆసుపత్రిలో ఇప్పుడు ఆ మందు ఎక్కించే అందరికీ ఐసు ఇస్తున్నారు. తెర మళ్ళీ పెట్టెలోకి చేరింది, పోయిన శరదృతువులో పెద్ద కూతురి పెళ్ళికి బయటికి వచ్చింది. బురుల్‌కాన్ ఎజే ఆరునెలలకోసారి పరీక్షలకు వెళ్తుంది, గడ్డ తిరిగి రాలేదు. ఆదివారం తప్ప రోజూ ఉదయంపూట డ్యూటీ చేస్తుంది.