స్టూలు మీద ఆర్ముగం సార్

పులావు కోసం లవంగాలు వేయించేటప్పుడు ఇప్పటికీ నా వెన్ను దానంతటదే నిటారవుతుంది. ఆ వాసన వస్తే చాలు, నేను రోగి పొట్ట మీద చెయ్యి ఎలా వేస్తున్నానో ఎవరో వెనక నుంచి చూస్తున్నట్టే ఉంటుంది. ఆ చూసేది మా ఆర్ముగం సార్. ఎనభైల్లో, వైద్యం చదువు ముగించి తమిళనాడులోని ధర్మపురిలో హౌస్ సర్జన్‌గా శిక్షణ పొందుతున్నప్పుడు మా ఆసుపత్రికి ఆయనే పెద్ద డాక్టరు. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది.

శిక్షణ చివర ఆయన పెట్టే పరీక్షకు ప్రశ్నపత్రం ఉండదు. ఒక రోగిని చూపించి, మంచం కాళ్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవారు. మేము అడగాలి, చేత్తో చూడాలి, ఇదీ జబ్బు అని చెప్పాలి. అంతసేపూ ఆయన ఉలకరు, పలకరు. ఆ మౌనానికి బెదిరి, చక్కగా వినిపిస్తున్న గుండె చప్పుడును కూడా వినపడలేదన్న మహానుభావులు మా బ్యాచ్‌లో ఉన్నారు. ఆయన సంతకం పడకపోతే శిక్షణ మళ్లీ మొదటికొస్తుంది. మేకలు కాసుకుంటూ నన్ను చదివించిన మా నాయన మా ఊరు పెరియంపట్టిలో ఆ సంతకం కోసమే కాచుకుని ఉన్నాడు.

నా వంతుకు కడుపునొప్పితో వచ్చిన ఒక ముసలావిడ దొరికింది. నేను తమిళంలో అడిగాను, ఆమె తమిళంలోనే చెప్పింది. మంటగా ఉందా అంటే ఉందంది, తింటే ఎక్కువవుతుందా అంటే అవుతుందంది. ఏది అడిగినా చేతులు జోడించి ఔననే అంటోంది. కడుపులో పుండు అని ధైర్యంగా తేల్చేశాను.

సార్ అప్పుడు నోరు విప్పారు. "ఆమె పొద్దున కొడుకుతో తెలుగులో మాట్లాడుతుంటే విన్నాను. మీ అవ్వను అడిగినట్టు అడుగు."

తరాలుగా అక్కడే ఉన్న మా తెలుగువాళ్ల ఇళ్లలో తెలుగు గడప లోపలి మాట. గడప దాటితే తమిళమే, పెద్దవాళ్ల ముందు అదే మర్యాద కూడా. తెల్లకోటు చూసి ఆమె నాకు మర్యాద ఇచ్చింది, నేను తిరిగి ఆమెకిచ్చాను. మర్యాదల మధ్య నొప్పి ఎక్కడో ఉండిపోయింది.

మంచం మీద కూర్చుని, "యాడ నొస్తాంది అవ్వా?" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఎడమ పక్కటెముకల కింద పెట్టుకుంది. "ఆవు తన్నింది బిడ్డా. నా కొడుక్కి తెలిస్తే దాన్ని సంతకు తోలేస్తాడని ఎవురికీ చెప్పలా. పండుకుంటే ఈ ఎడం బుజం గూడా పీకతాంది."

పొట్టలో రక్తం కారితే నొప్పి భుజంలో పలుకుతుందని మాకు నేర్పింది సారే. నేను తిరిగి చూసేసరికి స్టూలు ఖాళీగా ఉంది. ఆయన అప్పటికే అవ్వ నాడి పట్టుకుని, సర్జన్‌ను పిలవమని నర్సుకు చెబుతున్నారు. ఆపరేషన్ చేస్తే ప్లీహం చిట్లి ఉంది. ఆ రోజు పుండుకు మందులిచ్చి పంపించి ఉంటే అవ్వ దక్కేది కాదు. అవ్వ బతికింది. ఆవు కూడా సంతకు పోలేదని తర్వాత తెలిసింది.

మర్నాడు బెదురుతూ ఆయన గదికి వెళ్లాను. సంతకం పెట్టి కాగితం నా వైపు జరిపారు.

"నీకంటే ముందు నేనూ ఆమెను తమిళంలోనే అడిగాను. నాకూ కడుపునొప్పి అనే చెప్పింది," అన్నారు. "నువ్వు వెళ్లేలోపు ఆ ప్రశ్న నాకు నేర్పు."

నేర్పాను. రిటైరయ్యే వయసులో, బుగ్గన లవంగంతో, "యాడ నోస్తాందీ" అని సాగదీస్తూ ఆయన వార్డంతా తిరిగేవారు. అవ్వలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నవ్వి, ఎక్కడ నొప్పో చూపించేవారు.

ఇప్పుడు విద్యార్థులకు పరీక్ష పెట్టేది నేను. స్టూలు అక్కడే వేసుకుంటాను. మా వైపు అవ్వ ఎవరైనా కనబడితే ఆ ప్రశ్న నేనే అడుగుతాను. పుట్టినప్పటి నుంచి నా నోట ఉన్న మాటే అది. అయినా ఈ మధ్య అది నా యాసలో రావడం లేదు, ఆయన సాగదీసినట్టే వస్తోంది. అవ్వలు నవ్వుతారు. నేను దిద్దుకోను.