విదాద్ అత్త మెచ్చుకున్న కోటు

విదాద్ అత్త ఎవరి కోటునైనా మెచ్చుకుందంటే, ఆ మనిషి ఇంటికెళ్లి వీలునామా రాసుకోవడం మంచిదని మా వీధిలో అందరి నమ్మకం.

అమ్మాన్‌లో మా కొండమీద చలి ఎముకలు కొరుకుతుంది. ఆవిడ పెరట్లో ఉన్నవేమో వేడి దేశాల చెట్లు: కాగితం పూల తీగ, మందార, తన పెళ్లినాడు నాటుకున్న దేవగన్నేరు. ఒక ఏడు మంచుకి దేవగన్నేరు మొదలుదాకా మెత్తబడి పోయింది. "పీకి పారేయ్" అన్నారంతా. ఆవిడ వినలేదు. అది మళ్లీ చిగిర్చి ఆవిడకంటే పొడుగైంది. అప్పట్నుంచీ చలికాలం రాగానే చెట్లకి కోట్లు తొడగడం మొదలుపెట్టింది. అవన్నీ మా వీధివాళ్లలో చనిపోయినవాళ్ల కోట్లు.

మందారకి కసాయి అబూ ఐసర్ తోలుకోటు. కాగితం పూల తీగకి బడిలో పాఠాలు చెప్పిన నజ్లా గారి శాలువా. పొగమంచు దిగిన సాయంత్రాల్లో వాళ్లంతా గోడ పక్కన నిలబడి వీధిలోకి చూస్తున్నట్టే ఉండేది. ఆ కోట్ల మధ్య చేతులు కదలడం నేను కళ్లారా చూశాను. గొణుగుళ్లు చెవులారా విన్నాను. మర్నాడు అత్త మాత్రం ఏమీ జరగనట్టే వాళ్లని పలకరించేది.

"అబూ ఐసర్, రాత్రి గాలికి నిద్ర పట్టిందా? కాస్త నిటారుగా నిలబడవయ్యా!"

ఒకసారి టాక్సీ నడిపే ఫవ్వాజ్‌ని ఆపి, తొడుక్కున్న కోటు చేతిని రెండు వేళ్లతో నలిపి చూసింది.

"ఊలేనా, నాయనా?"

"కాదత్తా, నైలాన్! ఒట్టు! చెట్లకి అస్సలు పనికిరాదు!"

"బరువుగానే ఉందే. సిగరెట్లు కాల్చకు, చిల్లులు పడతాయి."

ఆ రోజునుంచి ఫవ్వాజ్ ఆవిడ గేటు దాటేముందు కోటు విప్పి సంచిలో కుక్కుకునేవాడు. ఆ వణుకుడుకే నిమోనియా పట్టి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. వీధికి ఇంకేం రుజువు కావాలి?

మా నాన్న ఒక జనవరిలో, కోటు గుండీలు పెట్టుకోకుండా గుమ్మం ముందు మంచు తోయడానికెళ్లి, చలి పట్టి పోయాడు. ఆయన నల్లకోటు తలుపు వెనక మేకుకి ఉండిపోయింది. అమ్మ దానికి ఎదురుగా కూర్చునేది. గడప దాటదు, పిలిస్తే పలకదు, పెట్టింది తినదు. ఏడాది కావస్తుంటే, ఆవిణ్ణి కూడా పోగొట్టుకుంటానేమోనని నాకు భయం పట్టుకుంది.

చలి మొదలవగానే విదాద్ అత్త మా ఇంటికొచ్చి తిన్నగా మేకు దగ్గరికి నడిచింది.

"ఊలే" అంది తృప్తిగా.

"అత్తా, నీకు సిగ్గులేదా?"

"దేవగన్నేరుకి పాతది చిరిగిపోయింది రాకాన్. ఈసారి మంచు గట్టిగా పడేలా ఉంది. ఏం ఉమ్ రాకాన్, తీసుకెళ్లనా?" అంది అమ్మవైపు తిరిగి.

అమ్మ కళ్లు కోటుమీదే ఉన్నాయి. అత్త కోటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మంచు పడ్డ సాయంత్రం అమ్మ కిటికీ దగ్గర కెవ్వుమంది. నేనూ చూశాను. ఎదురుగా అత్త పెరట్లో నాన్న నిలబడి ఉన్నాడు. కాలరు పైకెత్తి, భుజాలమీద మంచుతో, ఎప్పటిలాగే కొంచెం ఎడమకి ఒరిగి. అమ్మ ఇంటి చెప్పులతోనే మంచులోకి పరిగెత్తింది.

నేను వెళ్లేసరికి ఆయన భుజాలు దులుపుతోంది.

"పై గుండీ పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? ఆ రోజూ ఇంతే! నా మాటంటే లెక్కుందా?" ఏడుస్తూనే గుండీ పెట్టింది.

పక్కన మందార దగ్గర ఎవరో గొణిగారు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. తీరా చూస్తే అబూ ఐసర్ పెళ్లాం, తోలుకోటు బెల్టు బిగిస్తోంది.

"మా ఆయనదీ ఇదే వరస, ఉమ్ రాకాన్. నిన్ననే బిగించాను, మళ్లీ వదులైంది."

అవతల నజ్లా గారి చెల్లెలు శాలువా సర్దుతోంది. ఇన్నేళ్లూ నేను చూసి జడుసుకున్న చేతులు వీళ్లవే.

విదాద్ అత్త టీ పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. గాలివానకి కూడా ఊడనంత గట్టిగా తాళ్లు బిగించే మనిషి ఆవిడ.

"అత్తా, ఆ ఒక్క గుండీ ఎలా మర్చిపోయావ్?"

"ముసలిదాన్ని, అన్నీ ఎక్కడ గుర్తుంటాయి?" అంది నా మొహం చూడకుండా. "రండి, టీ చల్లారిపోతోంది."

అమ్మ రెండు గ్లాసులు తాగింది. "రేపు మళ్లీ వస్తాను వదినా, ఈయన్ని నమ్మలేం" అంది. ఏడాది తర్వాత అమ్మ గొంతు అలా వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగున వెళ్లి అత్త చేతులు పట్టుకున్నాను.

ఆవిడ ఒక చెయ్యి మెల్లగా విడిపించుకుని, నా కోటు చేతిని రెండు వేళ్లతో నలిపి చూసింది.

"నైలానత్తా!" అన్నాను. "ఒట్టు!"